తిప్పని కాగితం

“ఇది ఎవరి కన్ను?”

కళ్ళజోళ్ళ షాపులో గాజు బల్ల మీద మేడమ్ ఒక కాగితం పెట్టింది. అంతకు రెండు నిమిషాల ముందు ఆమె మామూలు కస్టమరే. కళ్ళజోడు ముక్కు మీద నొక్కుతోందని చెప్పింది. ఏ పక్క అని షాపాయన అడిగాడు. వాన కురిసే పక్క, అంది. ఆ నెల కోడ్ వర్డ్ అది. అతను తలుపుకి ‘ఇప్పుడే వస్తాం’ అన్న బోర్డు తగిలించి, గడియ పెట్టి వచ్చాడు.

వీధిలో వాళ్ళకి అతను కళ్ళజోళ్ళాయన. డిపార్ట్‌మెంట్‌కి ఏజెంట్ 72. మిగతా ఏజెంట్లకి గడ్డాలు అంటించుకునే బాధ, గొంతు మార్చుకునే బాధ ఉంటాయి. 72కి అవేమీ లేవు. పదిహేనేళ్ళుగా ఒకే మారువేషంలో ఉండిపోవడం వల్ల, అసలు వేషం ఏదో అతనికే సరిగ్గా గుర్తు లేదు. అద్దాలు అరగదీయడం, కళ్ళు పరీక్ష చెయ్యడం ఆ వేషం కోసమే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ పనే ఎక్కువ ఇష్టం.

కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసిన పెద్ద సున్నా, దాని లోపల కొలత కోసం ఒకదానిలో ఒకటిగా సన్నటి వలయాలు ఉన్నాయి. అందులో ఒక గుండ్రటి లేత మచ్చ. మచ్చలోంచి ఎర్ర గీతలు, నీలి గీతలు బయలుదేరి కొమ్మల్లా చీలిపోతున్నాయి. కంటిపాప గుండా వెలుగు పంపి చూస్తే కంటి వెనక గోడ మీద కనిపించే దృశ్యం అది. గీతలు రక్తనాళాలు. మచ్చ, కంటి నరం మెదడుకి బయలుదేరే చోటు.

“కుడి కన్ను,” అన్నాడు 72. “కుడి కంటిలో ఈ మచ్చ కుడి పక్కకి ఉంటుంది. ఎడమ కంటిలో ఎడమ పక్కకి.”

“ఎవరిది అని అడిగాను.”

“ముఖం చూపిస్తే చెప్పగలను గానీ...” అంటూనే అతను వంగి చూశాడు. మచ్చ పై అంచున ఒక ఎర్ర నాళం తిన్నగా పోకుండా, పురి తిరిగిన దారంలా ఒక మెలిక వేసి, మళ్ళీ తన దారిన పోయింది. “ఇదిగో, ఈ మెలిక పుట్టుకతో వచ్చేది మేడమ్. వేలల్లో ఒకరికి ఉంటుందేమో. వెతికితే దొరుకుతాడు.”

“శుక్రవారం సాయంత్రం ఐదింటికి మన సీలు సంచీ అవతలి దేశానికి బయలుదేరేలోపు దొరకాలి.”

మేడమ్ డిపార్ట్‌మెంట్‌లో చీఫ్ తర్వాత పెద్ద. బ్రీఫింగ్ ఎప్పుడూ నిలబడే ఇస్తుంది.

“మనలో ఒకరు అవతలి దేశం ముఠాకి అమ్ముడుపోయారు. ఆ ముఠా సంతకాల్ని నమ్మదు. సంతకం ఎవరైనా పెట్టొచ్చు. కన్నే సీలు. కంటి బొమ్మ గీయిస్తారు, దాని మీద ఎర్ర చుక్కలతో కబురు పెడతారు. గడియారంలో గంట ఒక అంకె, లోపలి నుంచి ఎన్నో వలయం అన్నది రెండో అంకె. ఇది మొదటి కాగితం నకలు. దీని మీద చుక్కల్లేవు, వెనక ‘నంబర్లు శుక్రవారం’ అని రాసి మాత్రమే ఉంది. రెండో కాగితంలో మన రహస్య ఏజెంట్లు పదకొండు మంది నంబర్లు ఉంటాయి. అది చేరితే ఆదివారానికి పదకొండు మందీ ఉండరు.”

“గీసింది?”

“కాటుక.”

ఫైల్లో ఆ పేరుతో ఉన్నది ఒక కళ్ళ డాక్టరమ్మ. డబుల్ ఏజెంట్. రెండు వైపులా పని చేస్తుంది. ఏ వైపు మనసుపెట్టి చేస్తుందో డిపార్ట్‌మెంట్‌లో రెండు అభిప్రాయాలున్నాయి.

“ఎవరో ఆవిడే చెప్పొచ్చుగా?”

“ఆవిడ కళ్ళకి గంతలు కట్టి తీసుకెళ్తారు. చీకటి గది. ఆ మనిషికి నెత్తి నుంచి గడ్డం దాకా ముసుగు, ఒక్క కంటికే కంత. నోరు విప్పడు. కాగితం నకలు ఒకటి మనకి చేర్చింది, అంతే. ఆవిడతో మాట్లాడే వీలు కూడా లేదు.” మేడమ్ గొంతు తగ్గించింది. “నేను కాక పదకొండు నంబర్లూ తెలిసినవాళ్ళు నలుగురు. రికార్డు గది తాళాలాయన. వైర్‌లెస్ ఆవిడ. మ్యాపుల తాత. నాలుగో ఆయన...”

“మా బావగారు.”

“చీఫ్,” అని మేడమ్ సరిదిద్దింది. “మీకు ఇబ్బంది అయితే చెప్పండి.”

“ఇబ్బందేముంది మేడమ్. ఆయనకి మిగిలింది కుడి కన్ను ఒక్కటే. అదీ చూసేస్తాను.”

నవ్వుతూ అనబోయాడు గానీ నవ్వు రాలేదు. పన్నెండేళ్ళ కిందట ఒక వంతెన మీద వాళ్ళిద్దరూ ఎక్కబోతున్న కారు పేలిపోయింది. బావ అతన్ని కిందికి తోసి మీద పడ్డాడు. లేచేసరికి బావ ఎడమ కంటి నిండా రక్తం. నరం తెగిపోయిందని, పైకి బాగానే కనిపించినా ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టర్ రాసిచ్చాడు. అప్పటి నుంచి 72 బావ మాటకి ఎదురు చెప్పలేదు. బావ కళ్ళజోడు తనే చేస్తాడు. కుడి పక్క మైనస్ ఆరు, ఎడమ పక్క పవర్ లేని రంగు అద్దం. “మరీ నల్లగా వద్దురా, దొంగలా ఉంటాను,” అంటాడు బావ. అందుకని లేత గోధుమరంగు వేస్తాడు.

* * *

ఆఫీసులో ఏటా జరిగే కంటి పరీక్ష ఆ బుధవారానికి జరిపారు. ఎవరికీ అనుమానం రాలేదు. ప్రతి ఏడూ చేసేది 72యే.

కిటికీ తెరలు వేశాడు. అరచేతిలో ఇమిడే ఆఫ్తాల్మోస్కోప్ తీశాడు. సన్నటి వెలుగు, ఆ వెలుగు దారినే చూడటానికి చిన్న రంధ్రం, చూపు సరిచేసుకోవడానికి తిప్పే చక్రం. ఈ పనికి ఒక పద్ధతుంది. ఎదుటివాళ్ళ కుడి కంటిని తన కుడి కంటితో, కుడి చేత్తో చూడాలి. ఎడమ కంటిని ఎడమ కంటితో, ఎడమ చేత్తో చూడాలి. లేకపోతే ముక్కూ ముక్కూ గుద్దుకుంటాయి. అంత దగ్గరికి వెళ్ళాలి. ఊపిరి తగిలేంత దగ్గరికి.

“దూరంగా ఆ గోడ మీది మేకు చూడండి. రెప్ప కొట్టినా ఫర్వాలేదు.”

దూరం నుంచే కంటిపాప ఎర్రగా నిప్పుకణికలా మెరుస్తుంది. ఆ ఎరుపుని పట్టుకుని దగ్గరికి పోతే లోపలి గోడ కనిపిస్తుంది. అంత అందమైన పనితనాన్ని దేవుడు ఎవరికీ కనపడని చోట ఎందుకు పెట్టాడో 72కి ఎప్పుడూ అర్థం కాదు. చూసినప్పుడల్లా మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాడు.

తాళాలాయన కళ్ళలో శుక్లం మొదలైంది, అద్దం మీద ఆవిరి పట్టినట్టు. వైర్‌లెస్ ఆవిడకి చూపు మధ్య భాగంలో పసుపు నలకలు. మ్యాపుల తాతకి మచ్చ పక్కన నెలవంక ఆకారంలో తెల్లటి చార. ముగ్గురివీ రెండేసి కళ్ళు చూసి, అలవాటు ప్రకారం బొమ్మలు గీసుకున్నాడు. ఎందులోనూ మెలిక లేదు.

ఆఖరున బావ కూర్చున్నాడు. కుడి కన్ను. శుభ్రంగా ఉంది. మెలిక లేదు. 72 గుండెల మీది బరువు దిగింది.

“ఎడమది కూడా ఓసారి చూస్తాను బావగారూ.”

“చచ్చినదాన్ని ఎందుకురా లేపుతావు?” అన్నాడు బావ. గదిలో అందరూ నవ్వారు. 72 కూడా నవ్వి, లైటు ఆర్పేశాడు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకి షాపు తలుపు తెరుచుకుంది. ఎత్తు మడమల చెప్పులు, నల్ల గాగుల్స్, ఖరీదైన సెంటు. ఫ్రేములు ఏరుకుంటున్న ఇద్దరు కస్టమర్లు ఏరుకోవడం ఆపేశారు. ఆమె వాళ్ళని ఒకసారి చూసింది. సాయంత్రం వస్తామని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు.

“వాన కురిసే పక్క నొక్కుతోంది,” అంది కాటుక.

“మీరు ఇక్కడికి రాకూడదు డాక్టర్ గారూ.”

“రాకపోతే పదకొండు మంది పోతారుగా. పొద్దున్నే తీసుకెళ్ళారు. రెండో కాగితం గీసిచ్చాను. ఆ ముసుగు మనిషే జేబులో పెట్టుకెళ్ళాడు, చుక్కలు తనే పెట్టుకుంటాడు. ఈసారి నకలు తీసే సందు దొరకలేదు.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇంతకీ పట్టుకున్నారా?”

“నాలుగు కుడి కళ్ళూ చూశాను. ఎవరిదీ కాదు.”

“కుడి కళ్ళా? కుడి ఎందుకు చూశారు?”

“మీ బొమ్మలో మచ్చ కుడి పక్కన ఉంది కదా.”

కాటుక గాగుల్స్ తీసేసింది. “కాగితం మీరు తిప్పలేదా?”

“తిప్పడమేంటి?”

“అయ్యో రామా. మీ చేతిలో ఉన్న పరికరంలో బొమ్మ నిటారుగా కనిపిస్తుంది. నేను చూసేది తలకి లైటు కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని. అందులో అంతా తలకిందులు. పైది కిందికి, కుడిది ఎడమకి.”

“తెలుసు. అందుకే డాక్టర్లంతా ముందే కాగితాన్ని తలకిందులుగా పెట్టుకుని గీస్తారు. బొమ్మ దానంతటదే సరిపోతుంది.”

“బల్ల ఉంటే పెట్టుకుంటారు. నాకు ఒళ్ళో అట్ట, వీపుకి తుపాకీ. కనిపించింది కనిపించినట్టు గీసిచ్చాను. అవతలివాళ్ళు తిప్పుకుని చదువుతారు. మీకు తెలుసనుకున్నాను.”

“మనవాళ్ళు ఎవరూ మిమ్మల్ని అడగలేదా?”

“నన్ను ఎవరు ఏం అడిగారు గనక?”

72 సొరుగులోంచి నకలు తీశాడు. బల్ల మీద పెట్టి, తలకిందులు చేశాడు. కుడి పక్కనున్న మచ్చ ఎడమ పక్కకి వచ్చింది. పైనున్న మెలిక కిందికి దిగింది.

ఎడమ కన్ను.

మిగతా ముగ్గురి ఎడమ కళ్ళ బొమ్మలు పక్కన పరిచాడు. ఏదీ కాదు. నలుగురికి ఎనిమిది కళ్ళు. ఏడు చూశాడు.

“ఆ కన్ను...” 72 నకలు మీద వేలు పెట్టాడు. “పాడైపోయిన కన్ను అయ్యుండొచ్చా?”

“పాడైపోయిందా? నరం చచ్చిపోతే మచ్చ సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. నేను ఏ రంగు వేశానో చూడండి. బంగారంలాంటి కన్నండీ అది.” ఆమె లేచింది. “ఇంకో సంగతి. గీయడానికి ముందు పాపని విచ్చుకునేలా చేసే చుక్కలు వేశాను. మామూలుగా వేసేవి కాదు, గట్టివి. రేపటిదాకా తగ్గవు.”

“ఎందుకు గట్టివి?”

“మీకు పనికొస్తాయని,” అంది కాటుక. తలుపు దాకా వెళ్ళి ఆగింది. “ఎవరో తెలిసింది కదూ?”

అతను బొమ్మలన్నీ సొరుగులో పడేశాడు. మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆమె అంతా వింది.

“కాగితం మీద బొమ్మతో చీఫ్ మీద చెయ్యి వెయ్యలేను. కళ్ళారా చూసి చెప్పండి. ఐదింటికి సీలు సంచీ బయలుదేరేది ఆయన ఇంటి నుంచే. దాన్ని దారిలో ఎవరూ తెరవరు.” తర్వాత మెల్లగా అడిగింది. “చూడగలరా?”

“చూడకుండా ఉండలేను మేడమ్.”

* * *

తలుపు తీసింది అక్క.

“ఫోను చేస్తే పలకవు, పిలిస్తే రావు. ఇప్పుడేంటి ఊడిపడ్డావు?”

“బావగారి అద్దం మార్చాలక్కా. గీత పడిందన్నారు.”

“నాకు మాత్రం పన్నెండేళ్ళ నుంచీ అదే ఫ్రేము. బావకైతే పరిగెత్తుకొస్తావు.” తిడుతూనే లోపలికి తీసుకెళ్ళింది. రోడ్డు మీద నడిచేటప్పుడు అక్క ఎప్పుడూ బావకి ఎడమ పక్కనే నడుస్తుంది, ఆ పక్క నుంచి వచ్చే బళ్ళు ఆయనకి కనపడవని. కంచం పక్కన నీళ్ళ గ్లాసు ఎప్పుడూ కుడి పక్కే పెడుతుంది. రోజూ దేవుడి ముందు నిలబడి ఆ కన్ను పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటుంది.

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. వరండాలో బల్ల మీద ఎర్ర లక్క సీలు వేసిన సంచీ సిద్ధంగా ఉంది. బావ పడకకుర్చీలో ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఏమోయ్, గీతేమీ లేదే?”

“చిన్నది. వెలుగులో తెలుస్తుంది. ఓసారి ఇవ్వండి.”

బావ కళ్ళజోడు తీసిచ్చాడు. 72 దాన్ని తన జేబులో వేసుకున్నాడు. వంగి చూశాడు. కుడి పాప మిరియం గింజంత ఉంది. ఎడమ పాప చొక్కా గుండీ అంత విచ్చుకుని ఉంది.

“ఇదేంటి బావగారూ, ఇంత పెద్దదైంది?”

“చచ్చిన కన్ను కదరా. ఒక్కోరోజు అలాగే ఉంటుంది. వెలుగు వేసినా కదలదు. కావాలంటే చూస్కో.”

“చూస్తాను. అక్కా, ఆ తెర కాస్త వెయ్యి.”

అక్క తెర వేసింది. 72 ఆఫ్తాల్మోస్కోప్ ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. ఎడమ కంటికి ఆనించుకున్నాడు. బావ కదలబోయి, తనే చూస్కోమన్నది గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఎర్రటి మెరుపు. అది చచ్చిన కంట్లో కూడా ఉంటుంది. దాన్ని ఆసరా చేసుకుని దగ్గరికి వెళ్ళాడు. చక్రం రెండు మెట్లు తిప్పాడు. బావ ఊపిరి చెంపకి తగులుతోంది. చిన్నప్పుడు సైకిల్ నేర్పుతూ వెనకాల పరిగెత్తినప్పుడు తగిలిన ఊపిరే అది.

మచ్చ పాలిపోయి ఉండాలి, దేవుడా, సున్నంలా ఉండాలి, అనుకున్నాడు.

మచ్చ లేత నారింజ రంగులో నిగనిగలాడుతోంది. దాని కింది అంచున ఒక ఎర్ర నాళం పురి తిరిగి, మెలిక వేసి, తన దారిన పోతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ మెలిక సన్నగా అదురుతోంది.

72 వెనక్కి రాలేదు. వెలుగు తియ్యలేదు. ఇంకోసారి చూశాడు, ఇంకోసారి. చూసే కొద్దీ అది అక్కడే ఉంది.

“కాస్త పక్కకి తియ్యరా,” అన్నాడు బావ, “జిగేల్మంటోంది.”

అక్క తెర వదిలి ఇటు తిరిగింది.

“ఏ కంటికండీ?” అంది అక్క.

బావ ఫైళ్ళ కింది నుంచి పిస్టల్ తీశాడు. 72 ఒక్క గెంతులో గది అవతలి మూలకి చేరాడు.

“అద్దాలివ్వు.”

“మీ కుడి కన్ను మైనస్ ఆరు బావగారూ. నేనే బిగించాను. ఇక్కడి నుంచి నేను మీకు పొగలా కనిపిస్తాను. ఎడమ కంటి నిండా నా లైటే ఉంది.”

ఒక కంటికి అద్దం లేదు, రెండో కంటికి చీకటి లేదు. గొంతు వినిపించిన వైపు బావ కాల్చాడు. గోడ గడియారం ఐదుకి రెండు నిమిషాల దగ్గర ఆగిపోయింది. రెండో గుండు పేలేలోపు 72 మీద పడి మణికట్టు విరిచిపట్టాడు. పిస్టల్ జారి కుర్చీ కిందికి పోయింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. బయట కారు హారన్ మోగింది. వరండాలో బూట్ల చప్పుడు. సంచీ ఎత్తుతున్న చప్పుడు. కారు తలుపు.

చెయ్యి వదిలితే బావ లేస్తాడు. వదలకపోతే కారు పోతుంది.

“అక్కా!”

అక్క అప్పటికే గుమ్మం దాటింది.

“డ్రైవర్! ఆగవయ్యా! ఆ సంచీ ఇటు తే.”

“ఐదైందమ్మా. సీలు వేసేశారు కదమ్మా, తెరవకూడదు...”

“ఆ లక్క ప్రతి శుక్రవారం కరిగించేది నేనేనయ్యా. అయ్యగారు ఒక కాగితం తప్పు పెట్టారు. తే.”

ఇంజన్ ఆగింది.

అక్క సంచీ తెచ్చి తమ్ముడి పక్కన పెట్టింది. బావ చేతులు అప్పటికే కర్టెన్ తాడుతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. 72 సీలు పగలగొట్టాడు. ఫైళ్ళ మధ్య రంగు పెన్సిళ్ళ బొమ్మ ఉంది. అదే కన్ను. చుట్టూ పదకొండు ఎర్ర చుక్కలు.

ఆఖరి చుక్క ఒంటిగంట దగ్గర, రెండో వలయంలో ఉంది. 12 అనే నంబరుతో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. ఈసారి అతను మర్చిపోలేదు. కాగితం తలకిందులు చేశాడు. ఒంటిగంట ఏడు అయింది.

ఏడు గంటలు. రెండో వలయం.

“నేనా బావగారూ?”

“నిన్నొక్కణ్ణి వదిలేస్తే అనుమానం నా మీదికి రాదూ? ఆలోచించు,” అన్నాడు బావ, లెక్క తప్పు చేసిన పిల్లాడికి చెప్పినట్టు.

“మరి వంతెన మీద?”

“గాజు రెప్ప మీద గీసుకుంది, అంతే. ఆ డాక్టరు వాళ్ళ మనిషి. కన్ను పోగొట్టుకున్నవాణ్ణి ఎవరూ అనుమానించరని వాళ్ళే చెప్పారు.” కొంచెం ఆగి అన్నాడు. “నిజమే కదరా. నువ్వు కూడా అనుమానించలేదు.”

72 జేబులోంచి బావ కళ్ళజోడు బయటికి తీశాడు. గోధుమరంగు అద్దం గుర్తొచ్చింది. మరీ నల్లగా వద్దురా. పన్నెండేళ్ళు బావ చూడటానికి వీలుగా తనే చేసి ఇచ్చాడు.

మేడమ్ మనుషులు వచ్చి బావని తీసుకెళ్తుంటే అక్క అలవాటు కొద్దీ లేచి ఆయన ఎడమ పక్కకి వెళ్ళింది. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి కూర్చుంది.

“రోజూ దణ్ణం పెట్టుకున్నాను కదరా ఆ కంటి కోసం,” అంది. “దేవుడికి తెలుసు కదా, ఆ కన్ను బాగానే ఉందని. పన్నెండేళ్ళు నా దణ్ణం తీసుకుంటూ, నాకెందుకు చెప్పలేదంటావు?”

తమ్ముడు ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఇవాళ నీ నోటితోనే అడిగించాడేమో అక్కా.”

అక్క లేచింది. ఆగిపోయిన గడియారం దించి, గుండు దూరిన రంధ్రాన్ని కొంగుతో తుడిచింది.

* * *

సోమవారం షాపుకి కాటుక వచ్చింది. పదకొండు మందీ క్షేమంగా ఉన్నారని మేడమ్ పంపిన కబురు తెచ్చింది. పోబోతూ, అతని ముఖం చూసి ఆగింది.

“ఇన్నాళ్ళూ ఊరందరి కళ్ళూ చూశారు. మీవి ఎవరైనా చూశారా?”

“లేదు.”

“కూర్చోండి.”

తెరలు వేసింది. తలకి లైటు కట్టుకుంది. అతని కుడి కన్ను చూసింది, ఎడమ కన్ను చూసింది. తీరిగ్గా గీసింది. ఈసారి కాగితం ముందే తిప్పి పెట్టుకోవడం 72 గమనించాడు.

“ఏమన్నా లోపముందా డాక్టర్ గారూ?”

“నిక్షేపంలా ఉన్నాయి,” అంది కాటుక లైటు విప్పుతూ. “వాడకమే తక్కువ.”